హరికేన్ దీవి మీదికొస్తుంటే విశాఖ నుంచి చూడటం ఎలా

2025 అక్టోబర్ 28 రాత్రి మనవాళ్ల కళ్లన్నీ మొంథా తుపాను మీదే ఉన్నాయి. ఉండాల్సిందే, నర్సాపురం దగ్గర అది తీరం దాటుతోంది మరి. సరిగ్గా ఆ రాత్రే పదిన్నర ప్రాంతంలో, భూగోళానికి అటువైపు, మెలిస్సా అనే హరికేన్ జమైకా నైరుతి తీరాన న్యూ హోప్ దగ్గర నేలకెక్కింది. అక్కడ అప్పుడు మిట్టమధ్యాహ్నం. అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ (ఎన్‌హెచ్‌సీ) ఆ వేళకు ప్రకటించిన గాలి వేగం గంటకు 185 మైళ్లు, అంటే దాదాపు 295 కిలోమీటర్లు. కేంద్రంలో పీడనం 892 మిల్లీబార్లు. మొంథాకు మన వాతావరణ శాఖ (ఐఎండీ) చెప్పిన గాలి 90 నుంచి 100 కిలోమీటర్లు.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టేముందు ఒక సంగతి. ఐఎండీ చెప్పేది 3 నిమిషాల సగటు గాలి, ఎన్‌హెచ్‌సీ చెప్పేది 1 నిమిషం సగటు. అదే తుపానుకు 1 నిమిషం లెక్క ఎప్పుడూ కొన్ని శాతం ఎక్కువే వస్తుంది. మొంథా, మెలిస్సాల మధ్య తేడా దీనితో చెరిగిపోయేది కాదు. కానీ హుద్‌హుద్ లాంటి తుపానును కరీబియన్ హరికేన్‌తో తూచాలంటే ఈ సవరణ లేకుండా కుదరదు. దూరం నుంచి తుపానును చూసేటప్పుడు ప్రతి అంకె దగ్గరా ఆగి అడగాల్సింది ఒక్కటే: ఇది పరికరం కొలిచిందా, మనిషి అంచనా కట్టాడా, కంప్యూటర్ మోడల్ ఊహించిందా? ఈ మూడూ కలిసిపోతే చూసినంతసేపు చూసినా ఒరిగేదేమీ ఉండదు.

ముందు గడియారం. ఎన్‌హెచ్‌సీ పూర్తి బులెటిన్లు ఆరు గంటలకొకటి వస్తాయి. మన లెక్కలో పొద్దున 8:30, మధ్యాహ్నం 2:30, రాత్రి 8:30, తెల్లవారుజామున 2:30. తీరానికి హెచ్చరికలు అమల్లో ఉంటే మధ్యలో ఇంకో నాలుగు వస్తాయి: 5:30, 11:30, మళ్లీ సాయంత్రం 5:30, రాత్రి 11:30. శాటిలైట్ బొమ్మల మీద సమయం పక్కన జెడ్ అని ఉంటే అది గ్రీనిచ్ సమయం, దానికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. 21 జెడ్ బులెటిన్ మనకు తేదీ మారాక వస్తుంది. పాత బొమ్మను కొత్తదనుకుని ఫార్వర్డ్ చేయడానికి సగం కారణం ఈ తేదీ గోలే. బులెటిన్‌లో హెచ్చరికల భాగం కంటే ‘డిస్కషన్’ అనే భాగం ముందు చదవండి. ఫోర్‌కాస్టర్ ఏ అంకెను ఎందుకు నమ్మాడో, దేన్ని పక్కన పెట్టాడో అందులోనే రాస్తాడు.

దారి చూపించే ఆ తెల్లటి కోన్ గురించి ఒక్క మాట. గత అయిదేళ్ల అంచనాల్లో వచ్చిన తప్పులను బట్టి దాన్ని గీస్తారు. తుపాను కేంద్రం సుమారు మూడింట రెండు వంతుల సార్లు అందులో ఉంటుందని మాత్రమే దాని అర్థం. తుపాను ఎంత పెద్దదో అది చెప్పదు, కోన్ బయట ఉన్న ఊరికి వాన రాదనీ చెప్పదు.

ఇక అసలు సరుకు విమానాలది. మన బంగాళాఖాతంలో తుపానులోకి విమానం పంపే ఏర్పాటు మామూలుగా లేదు. శాటిలైట్, రాడార్, సముద్రంలో తేలే పరికరాల (బోయ్‌ల) మీద ఆధారపడి ఐఎండీ బలాన్ని అంచనా కడుతుంది. అట్లాంటిక్‌లో అమెరికా వైమానిక దళం రిజర్వ్ విమానాలు, అక్కడి వాతావరణ, సముద్ర సంస్థ నోవా విమానాలు సుమారు 10,000 అడుగుల ఎత్తున నేరుగా కంటిలోకి, అంటే తుపాను నడుమ గాలి నెమ్మదించే చోటికి, దూరి వస్తాయి. దారిలో డ్రాప్‌సోండ్‌లు వదులుతాయి. అదొక మూరెడు లోపు గొట్టం, చిన్న పారాచూట్‌తో మూడు నాలుగు నిమిషాల్లో సముద్రంలో పడుతుంది. పడేలోపు పీడనం, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం పంపుతూనే ఉంటుంది. ఈ డేటా బయటివాళ్లకూ అందుతుంది. పది నిమిషాలకొక సందేశం, అందులో అర నిమిషానికొకటి చొప్పున 20 వరుసలు. ట్రాపికల్ టిడ్‌బిట్స్ లాంటి సైట్లు దాన్ని మ్యాపు మీద పరిచి చూపిస్తాయి.

ఇక్కడ తప్పులు జరిగే చోట్లు మూడున్నాయి. విమానం ఎత్తులో కొలిచిన గాలి నేలమీద గాలి కాదు. ఐవాల్‌లో, అంటే కన్ను చుట్టూ నిలబడే మేఘాల గోడలో, 10,000 అడుగుల దగ్గర వచ్చిన అంకెలో 90 శాతం తీసుకుంటేనే సముద్రం మీద గాలికి దగ్గరవుతుంది. రెండోది, కంటిలో వదిలిన సోండ్ సరిగ్గా నడిమధ్య పడాలని లేదు. పడినచోట గాలి ఉందంటే కేంద్రం తప్పినట్టే. ప్రతి 10 నాట్ల గాలికి (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు) 1 మిల్లీబార్ తగ్గించుకోవాలి. అంటే సోండ్ 895 చూపించి, అక్కడ గాలి 30 నాట్లు ఉంటే, కేంద్ర పీడనం 892 దగ్గర అనుకోవచ్చు. మూడోది, సోండ్ పట్టుకున్న ఒక్క కుదుపును తుపాను గాలి వేగంగా చెప్పేయడం. మెలిస్సాలో ఒక సోండ్ గంటకు 252 మైళ్లు నమోదు చేసింది. తర్వాత దాన్ని పరిశీలించి నిజమేనని ఖాయం చేశారు, సోండ్‌లు కొలిచిన వాటిలో అదే రికార్డు. అది సముద్రానికి కొన్ని వందల అడుగుల పైన, క్షణకాలం వీచిన విసురు. 185తో దానికి తగాదా లేదు.

తుపాను కేంద్రం వివరాలతో విమానం పంపే వోర్టెక్స్ మెసేజ్‌లో కన్ను ఆకారం కూడా ఉంటుంది. సీ10 అంటే గుండ్రటి కన్ను, వ్యాసం 10 నాటికల్ మైళ్లు. సీఓ అని మొదలైతే లోపలి ఐవాల్ చుట్టూ బయట మరోటి కడుతోందన్నమాట. అప్పుడు గరిష్ఠ గాలి కాసేపు తగ్గినా, బలమైన గాలులు వీచే మేర విస్తరిస్తుంది, ఉప్పెనా ఎక్కువ తీరాన్ని పట్టుకుంటుంది. ‘బలహీనపడింది’ అన్న స్క్రోలింగ్ చూసి ఊపిరి పీల్చుకోవాల్సిన పని లేదు.

విమానం లేని వేళల్లో శాటిలైట్. అమెరికా శాటిలైట్ గోస్-19 ఇలాంటి తుపాను మీద గురిపెడితే నిమిషానికొక బొమ్మ ఇస్తుంది. మన ఇన్‌శాట్ 3డీఆర్, 3డీఎస్ రెండూ కలిపితే పావుగంటకొకటి. మనకు రాత్రి పదైనా కరీబియన్‌లో పట్టపగలే కాబట్టి మామూలు వెలుతురు బొమ్మలే దొరుకుతాయి, రంగురంగుల ఇన్‌ఫ్రారెడ్‌కే అంటుకుపోనక్కర్లేదు. గాలి మ్యాపులు చూపే విండీ సైట్‌లో కనిపించేది మాత్రం కంప్యూటర్ మోడల్, తుపాను కాదు. యూరోపియన్ మోడల్ గడి సుమారు 9 కిలోమీటర్లు. 10 నాటికల్ మైళ్ల కన్ను అందులో రెండు గడులకు సరిపోతుంది. అంత చిన్న కంటిలోని పీడనం ఆ వలకు చిక్కదు, కాబట్టి దారి కోసం విండీ చూడండి, బలం కోసం వద్దు.

తీరం దాటడం అంటే కంటి నడిబొడ్డు తీరం గీతను దాటడం. నష్టం అంతకుముందే మొదలై ఉంటుంది. లెక్క కట్టి చూడండి: కన్ను వ్యాసం 10 నాటికల్ మైళ్లు, ఐవాల్ మందం 8, తుపాను నడక 8 నాట్లు అనుకుందాం. ఐవాల్ ముందంచు కేంద్రం కంటే గంటన్నరకు పైగా ముందే తీరాన్ని కొడుతుంది. కన్ను నేరుగా మీదుగా పోయే ఊరికి దక్కే ప్రశాంతత గంటంపావు. 2014 అక్టోబర్ 12 మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ మీదుగా వెళ్లినప్పుడు ఆ విరామం ఏమిటో నగరమంతా చూసింది. వాయవ్యంగా నడిచే తుపాను కన్ను మీదుగా పోతే ముందు ఈశాన్యపు గాలి, తర్వాత నైరుతి గాలి. మొదటి దెబ్బకు వదులైన రేకులను రెండోది వెనక నుంచి ఎత్తుతుంది.

దీవితో వచ్చే చిక్కు, దానికి ఒక తీరం కాదు, చుట్టూ తీరమే. మెలిస్సా దక్షిణం నుంచి ఉత్తర-ఈశాన్యంగా ఎక్కింది. దాని కుడిపక్క, అంటే తూర్పున ఉన్న బ్లాక్ రివర్ వైపు గాలి సముద్రాన్ని నేరుగా ఊళ్లోకి నెట్టింది. ఆ దక్షిణ తీరానికి 9 నుంచి 13 అడుగుల ఉప్పెన అని ముందే చెప్పారు. ఎడమపక్కన గాలి నేల నుంచి సముద్రానికి వీస్తుంది, అక్కడ నీళ్లు వెనక్కి పోవచ్చు. ఉత్తరాన మాంటెగో బే సంగతి వేరు. తుపాను ఇంకా దక్షిణాన ఉండగానే ఈశాన్యపు గాలి అక్కడి సముద్రాన్ని ఒడ్డుకు తోస్తుంటుంది. ఒకే రోజున దీవి రెండు వైపులా రెండు వేర్వేరు వేళల్లో నీళ్లు లేస్తాయి. సముద్రగర్భం కూడా లెక్కలోకొస్తుంది. ఒడ్డు పక్కనే లోతుంటే ఉప్పెన ఎత్తు తగ్గి అలల పోటు పెరుగుతుంది. లోతు తక్కువైతే నీళ్లు పోగవుతాయి. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనకూ, హుద్‌హుద్‌లో విశాఖ చూసిన దానికీ తేడాలో ఇదీ ఒక భాగం.

కొండలు రెండు పనులు చేస్తాయి. తుపాను కింది భాగాన్ని కోసి బలహీనపరుస్తాయి. మెలిస్సా జమైకా దాటి, మర్నాడు క్యూబా చేరేసరికి 120 మైళ్లకు దిగింది. కానీ దిగేలోపు గాలికి ఎదురుగా ఉన్న వాలుల మీద, శిఖరాల మీద గాలి 30 శాతం దాకా పెరగొచ్చని బులెటిన్లలోనే రాస్తారు. వాన కూడా అక్కడే ఎక్కువ దిగుతుంది. కైలాసగిరి వాలు మీద ఇల్లున్నవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

నేలమీది పరికరాలను నమ్మడానికి ఒక హద్దుంది. విమానాశ్రయం రిపోర్టులో చివరి అంకె అత్యధిక గాలి కాదు, కరెంటు పోయేముందు వచ్చిన అంకె. 2017 సెప్టెంబర్ 20న మరియా హరికేన్ పోర్టోరికోను తాకినప్పుడు అక్కడి డాప్లర్ రాడారే కొట్టుకుపోయింది. స్క్రీన్ ఖాళీ అయిందంటే వాన ఆగిందని కాదు. కొండల దీవి మీదికి కన్ను ఎక్కాక విమానమూ మామూలుగా లోపలికి పోదు, కాబట్టి సరిగ్గా ఆసక్తి పెరిగే ఆ రెండు మూడు గంటల్లోనే కొలతలు అతి తక్కువ.

ఆ ఖాళీని వీడియోలు నింపుతాయి. మెలిస్సాకు హోటల్ ఈతకొలనులో షార్క్‌లు తిరిగే ఏఐ వీడియోలు వచ్చాయి. పరీక్షించడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. జమైకాలో బండ్లు మనలాగే రోడ్డుకు ఎడమపక్కన నడుస్తాయి, క్యూబాలో, పోర్టోరికోలో కుడిపక్కన. తీరం దాటింది మిట్టమధ్యాహ్నం కాబట్టి చీకట్లో ఐవాల్ అంటూ ఎవరైనా పెడితే ఆ వీడియో వేరే తుపానుదో, వేరే ఊరిదో.

రాసిపెట్టుకునేవాళ్లు ప్రతి అంకె పక్కన బులెటిన్ సమయం కూడా రాసుకోవాలి. నెలల తర్వాత ఎన్‌హెచ్‌సీ తుది నివేదిక ఇస్తుంది, అందులో గాలి, పీడనం, తీరం దాటిన సమయం అన్నీ సవరణకు లోబడినవే. 1992 నాటి ఆండ్రూ హరికేన్‌ను పదేళ్ల తర్వాత 2002లో, 2018 నాటి మైకేల్‌ను మరుసటి ఏడాది అత్యంత బలమైన తరగతి అయిన కేటగిరీ 5కు పెంచారు.