పాత చింతకాయ తొక్కు

మా పాపకు తొమ్మిదేళ్లు. పుట్టింది, పెరుగుతున్నది డాలస్‌లో. ఇంట్లో తెలుగే కాబట్టి మాటలకు లోటు లేదు. పోయిన ఎండాకాలం హన్మకొండ వెళ్లినప్పుడు, మా ఇంటికొచ్చిన పక్కింటావిడతో "మా అమ్మమ్మ చాలా పాతది" అంది. అమ్మ నవ్వింది గానీ, గోకరకాయలు తుంచుతున్న చెయ్యి ఆగిపోయింది. నేను కంగారుపడి "పాత అనకూడదు, ముసలి అనాలి" అని దిద్దాను. అది ఇంకా నొప్పించే మాట. పుట్టి పెరిగిన ఇంట్లో, అమ్మ ఎదురుగా అంత మాట అన్నానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాప తప్పేమీ లేదు. ఇంగ్లిష్‌లో మనిషికైనా వస్తువుకైనా ఒకటే మాట. మనకు వస్తువైతే పాతది, పశువైతే ముసలిది, అమ్మ వయసు వాళ్లయితే పెద్దవాళ్లు. "పాత మనిషి" అంటే వయసు మీద పడ్డవాడని కాదు, ఎప్పటినుంచో తెలిసినవాడని. నిన్నటి అన్నం పాతది కాదు, సద్ది. వేయిస్తంభాల గుడి 1163 నాటిది. అయినా దాన్ని పాత గుడి అనడం నేను వినలేదు, కాకతీయుల నాటి గుడి అంటారు.

ఇవన్నీ చెబితే పిల్లలకు తెలిసేవే. నా బాధ వేరు. డాలస్‌లో మా ఇంట్లో ఈ మాట ఎప్పుడెప్పుడు వాడతామో గుర్తుచేసుకున్నాను. పాత ఫోన్, పాత బూట్లు, పాతవన్నీ తీసి బయట పెట్టు. నేనేదైనా రెండోసారి చెబితే మా ఆయన "మళ్లీ అదే పాత చింతకాయ పచ్చడి" అంటారు. పాప చెవిన పడ్డ పాతదల్లా పారేసేదే. ఆ మాటే తీసుకొచ్చి అమ్మమ్మకు పెట్టింది.

మర్నాడు అమ్మే పాపను వంటింట్లోకి పిలిచింది. కింది అరలోంచి జాడీ తీసి వాసెన గుడ్డ విప్పింది. లోపల చింతకాయ తొక్కు, నల్లగా, నిగనిగలాడుతూ. పచ్చి చింతకాయలు ఉప్పు, పసుపు వేసి రోట్లో దంచుతారు. కొన్నాళ్లు ఊరాక ఈనెలు, గింజలు ఏరేసి, మళ్లీ నూరి జాడీకెత్తుతారు. ఏళ్లు గడిచేకొద్దీ రంగు నల్లబడుతుంది. పాప వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఇది మూడేండ్లది బిడ్డా. జరమొచ్చి లేచినోళ్లకు, బాలింతలకు పాతదే పెడ్తం. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు గిట్లాంటిదే తీస్కొచ్చి పెట్టిన."

నిజమే. ఆ నెలంతా నాకు నోటికి హితవైంది అదొక్కటే.

తర్వాత బియ్యం డబ్బా మూత తీసింది. పాత బియ్యమైతే అన్నం పొడిపొడిగా వస్తుంది, కొత్తవైతే ముద్దవుతుంది. బీరువాలోంచి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర తీసి పాప బుగ్గకు ఆనించింది. పసిపిల్లను చుట్టేది అలాంటి చీరలోనే, కొత్త బట్ట ఒరుసుకుంటుంది. పాప ఆ చీరను చాలాసేపు వదల్లేదు.

"మరి నాన్న పాత చింతకాయ పచ్చడి అని ఎందుకంటాడు?" అని అడిగింది. నేను చెప్పగలిగినంత చెప్పాను. చెప్పిందే చెబితే విసుగు పుడుతుందని, అందుకే అలా అంటారని. పాపకు నచ్చలేదు. నాకూ నచ్చలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట అనడం మానేశాం.

వచ్చేటప్పుడు అమ్మ చిన్న సీసాలో తొక్కు కట్టిచ్చింది. జనవరిలో పాపకు జ్వరమొచ్చి తగ్గింది. ఏం పెట్టినా వద్దంటుంటే, సీసాలోంచి కొంచెం తీసి వెల్లుల్లి పోపు వేసి, వేడి అన్నంలో నెయ్యితో కలిపి ముద్దలు పెట్టాను. నాలుగు ముద్దలు తిని, సీసా వైపు చూసి అడిగింది.

"అమ్మమ్మ దగ్గర ఇంకా పాతది ఉందా?"