ఆరుద్ర కార్తెలో కడియం

ఈసారి రోహిణి కార్తె ఎండలకు హైదరాబాదులోని మా పెరట్లో రెండు నిమ్మ మొక్కలు నిలువునా ఎండిపోయాయి. వాటి చోట కొత్తవి నాటాలన్న సాకుతో, ఆరుద్ర కార్తె ప్రవేశించిన మూడో రోజున, జూన్ చివరి వారంలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మొక్కల నర్సరీలకు పేరుపడ్డ గోదావరి తీరపు కడియానికి బయలుదేరాను. నిమ్మ మొక్క నగరంలోనూ దొరుకుతుంది. అయితే చాలా ఏళ్ల క్రితం ఒక పుష్యమాసంలో, సంక్రాంతికి ముందు, కడియం చూసి వచ్చినప్పటినుంచి అదే నేలను వానాకాలంలో కూడా చూడాలన్న కోరిక నాకు మిగిలిపోయింది.

తెల్లవారుజామున రైలు వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి ఇంకా నెమ్మదిగానే ఉంది. వరద నీరు రాలేదు. రాజమండ్రిలో దిగి ఆటోలో ధవళేశ్వరం మీదుగా సాగుతుంటే కాలువ గట్టు వెంబడి కొబ్బరి చెట్లు, వాటి నీడన అప్పుడే వదిలిన కొత్త నీరు కనిపించాయి. కాటన్ దొర ఆధ్వర్యంలో 1852లో ఇక్కడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారకపోతే ఈ నర్సరీల మాటే ఉండేది కాదు. గోదావరి ఒండ్రు మట్టి, ఏడాదిలో ఎక్కువ నెలలు అందే కాలువ నీరు, మొక్కను దూరప్రాంతాలకు చేరవేసే జాతీయ రహదారి, ఈ మూడూ కలిసిన చోట కడియం, కడియపులంక, చుట్టుపక్కల ఊళ్లు మొక్కల పెంపకాన్నే బతుకుతెరువుగా చేసుకున్నాయి.

చలికాలంలో నేను చూసిన కడియం బంతి, చామంతి మడులతో కళ్లు చెదిరేలా ఉండేది. మంచు విడిచాక తేనెటీగల రొద ఒక్కటే వినిపించేది. ఇప్పుడు ఆ రంగులేవీ లేవు. ఎటు చూసినా పచ్చదనమే, పచ్చ వలల కింద చీకటి, తడి కొబ్బరి పీచు వాసన. పూల కోసం వచ్చినవారికి ఇది వెలితిగానే తోచవచ్చు. నాకు మాత్రం తోటలో అసలైన పని జరిగే కాలం ఇదేననిపించింది. కాలువ మీదికి వంగిన ఈత చెట్టుకు గిజిగాళ్లు సగం గూళ్లు అల్లి ఉన్నాయి. పసుపు తలల మగ పక్షులు కొబ్బరి మట్టలనుంచి సన్నని పీలికలు చీల్చుకొని వస్తూ, ఒకదాని గూటిలోది మరొకటి లాగబోతూ, క్షణం ఊరుకోవడం లేదు.

నేను వెళ్లిన నర్సరీలో వెనుకవైపు జామ తల్లి చెట్లకు గూటీ అంటు కడుతున్నారు. అరవై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ పెన్సిలంత కొమ్మను ఎంచుకొని, అంగుళం మేర బెరడును ఉంగరంలా ఒలిచి, నీటిలో తడిపి పిండిన నాచును ఆ గాయం చుట్టూ ముద్దగా పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు చివరలా దారంతో బిగించేది. ఒక్కో అంటుకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు గుండా కిందికి దిగుతూ ఆ ఉంగరం దగ్గర ఆగిపోతుంది. లోపలి కర్ర గుండా నీరు మాత్రం పైకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే కొమ్మ వాడదు, ఆగినచోటే వేళ్లు పుడతాయి. గాలిలో తేమ ఉన్న ఈ రోజుల్లో కడితేనే అది బాగా పట్టుకుంటుందని ఆవిడ చెప్పింది.

వరుసలో ఒక కొమ్మను మాత్రం ఆవిడ తాకకుండా దాటిపోయింది. కారణం అడిగితే, “ఆయ్, అక్కడ పిట్ట ఆకు కుట్టుకుందండి. పిల్లలు ఎగిరిపోయాక కడతామండి,” అంది. దగ్గరగా చూస్తే రెండు జామ ఆకుల అంచులను ముక్కుతో పొడిచి, ఆ చిల్లుల్లోంచి దూది పోగులు, సాలెగూటి దారాలు దూర్చి, సంచిలా కలిపిన గూడు అది. లోపల తెల్లని దూది, దాని మీద మూడు చిన్న గుడ్లు. అడుగు దూరంలో తుప్పు రంగు తల, నిక్కిన తోక ఉన్న పిట్ట నన్ను చూసి ఆగకుండా అరుస్తుంటే వెంటనే వెనక్కి జరిగాను. గుడ్లు పొదిగి పిల్లలు ఎగరడానికి సుమారు నెల పడుతుంది. అంటే ఆ కొమ్మకు ఈ అదను చాలావరకు పోయినట్లే.

ఆ మాట విన్నాక నాకు మా పెరటి నిమ్మ మొక్కలు గుర్తుకు వచ్చాయి. నిరుడు వాటి ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగులు, ఎదిగాక పచ్చగా మారి, తాకితే నారింజ రంగు కొమ్ములు చాచి ఘాటైన వాసన వదిలేవి కనిపించినప్పుడు, అవి ఏ సీతాకోకచిలుకకు పిల్లలో తెలిసి కూడా, నాలుగు ఆకులు పోతున్నాయన్న తొందరలో మందు కొట్టాను. ఆ ఏడాది శ్రావణం, భాద్రపదం గడిచినా పసుపు మచ్చల నల్లని రెక్కలు మా ఇంటి వైపు రాలేదు. ఆ చెలిమి పోగొట్టుకున్నందుకు నేను నిజంగా బాధపడ్డాను. నర్సరీలవారు కూడా అమ్మకానికి పెట్టే వరుసలకు మందు కొడతారు. మచ్చ ఉన్న ఆకును కొనేవారు ఒప్పుకోరు. అందుకే మందు తగలని తల్లి చెట్ల వైపు పెరిగిన మొక్కలే కావాలని అడిగి, ఆకులు అక్కడక్కడ కొరికి ఉన్న రెండు నిమ్మ మొక్కలు తీసుకున్నాను.

వాన మొదలైంది. చిన్నప్పుడు వరంగల్ వైపు మా చెలకల్లో మిరుగు (మృగశిర కార్తె) దాటాక తొలి జల్లులకు మఖమల్ ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగుల కోసం ఇక్కడా నేల వెతికాను గానీ ఒక్కటీ కనిపించలేదు. కుండీల మధ్య కప్పలు మాత్రం సాయంత్రం వరకు గొంతు దించలేదు.

తిరుగు రైలులో మొక్కలను కాళ్ల దగ్గర పెట్టుకొని ఆకులు తిప్పి చూస్తుంటే, ఒక లేత చిగురు మీద లేత పసుపు రంగులో చిన్న ఆవగింజంత గుడ్డు కనిపించింది. హైదరాబాదు వరకు ఆ కొమ్మకు ఎవరి సంచీ తగలకుండా చేయి అడ్డం పెట్టుకొని కూర్చున్నాను. ఇంటికి వచ్చిన రెండో రోజు ఉదయం గుడ్డు చిట్లి, కనుబొమ వెంట్రుకంత పురుగు బయటికి వచ్చి, మొదట తన పెంకునే తిని, తరువాత ఆకు అంచు వైపు కదిలింది.