బరువు బాణాలు

సెప్టెంబరు ఆఖరి ఆదివారం. మిషిగన్.

పొద్దున్నే కాఫీ పట్టుకుని గరాజ్‌లో కూర్చున్నాను. బల్ల మీద డజను కొత్త అల్యూమినియం బాణాలు. వాటి మీద 2117 అని ఉంటే మొదట్లో ఏదో మోడల్ నంబరనుకున్నా. కాదట. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 21 భాగాలు బాణం లావు. గొట్టం మందం అంగుళంలో వెయ్యింట 17 వంతులు. పేరులోనే జాతకమంతా ఉంది.

వీటి బరువు గ్రెయిన్లలో చూస్తారు. గ్రాముకి దాదాపు పదిహేనున్నర. కంసాలి గురివింద గింజలేసి బంగారం తూచినట్టుంటుంది యవ్వారం. పాత కార్బన్ బాణం ములికితో కలిపి 390 తూగేది, ఇది 520. గ్రాముల్లో చెప్తే పాతిక నుంచి ముప్పై నాలుగుకి వచ్చింది. "తొమ్మిది గ్రాముల కోసమా ఇంత హడావుడి?" అంది మా ఆవిడ.

పోయినేడు నవంబరు సంగతి తనకి సగమే చెప్పాను. చెట్టు మీద నేను, పాతిక గజాల దూరంలో ఆడజింక. బాణం వదలగానే వింటి చప్పుడుకి అది కిందికి కుంగింది. బాణం భుజం ఎముకకి తగిలి సగం కూడా దిగలేదు. చీకటి పడేదాకా వెతికాను, మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆకుల మీద నెత్తుటి చుక్కలు వాగు దాకా ఉన్నాయి, ఆపైన లేవు. దారిలో దొరికిన విరిగిన బాణం ముక్క ఇంకా సొరుగులోనే ఉంది.

మధ్యాహ్నం రేంజ్‌కి వెళ్ళాను. వేగం కొలిచే మిషన్ పెడితే పాతది సెకనుకి 272 అడుగులు, కొత్తది 237. శక్తి లెక్కేస్తే రెండూ ఇంచుమించు ఒకటే. కానీ బరువుని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం ఆరో వంతు దాకా పెరిగింది, ఎముక అడ్డొచ్చినప్పుడు కావలసింది అదే. విల్లు చప్పుడు కూడా తగ్గింది. తేలిక బాణం తీసుకోని శక్తంతా వింటి కొమ్మల్లో వణుకై, చప్పుడై పోతుంది. ఇదివరకు టంగుమనేది ఇప్పుడు దబ్బుమంటోంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

గురి మాత్రం మొత్తం చెడింది. 20 గజాల దగ్గర మూడంగుళాలు కిందికి, 30 దగ్గర జానెడుకి కాస్త తక్కువ. బాణం ఎటు పోతే, వింటి మీద గురి చూసే సైటు పిన్ను అటే జరపాలి. ఎన్నేళ్ళైనా ప్రతిసారీ ముందు ఎదురు తిప్పి, నాలిక్కరుచుకుని, మళ్ళీ తిప్పుతాను. ఈలోగా ఒక బాణం చట్రం చెక్కకి తగిలింది. బల్ల మీద దొర్లిస్తే కొస గింగిరాలు తిరుగుతోంది. అల్యూమినియం వంగితే ఇలా తెలిసిపోతుంది. కార్బనైతే లోపల చిట్లినా పైకి ఏమీ ఎరగనట్టుంటుంది. ఏదైతేనేం, మొదటిరోజే డజను కాస్తా పదకొండైంది.

రాత్రి నాన్న ఫోను. బెజవాడలో అప్పుడే తెల్లారింది. ఆయనకి విల్లంటే మన బెజవాడ విలుకారిణి వెన్నం జ్యోతి సురేఖే. "బొమ్మకేస్తే పతకం, జింకకేస్తే జైలు రా మన దగ్గర," అన్నాడు. ఇక్కడ లైసెన్సు ఉంటుంది, అక్టోబరు 1 నుంచి సీజను అని ఏటా చెప్తూనే ఉన్నాను.

"పోయినేడు దెబ్బ తగిలింది బతికిందా?"

"తెలీదు నాన్నా."

కాసేపాగి, అక్కడ చలి మొదలైందా అనడిగాడు.