తెర వెనక నుంచి చూసిన మాయాబజార్

మన స్కూలు బ్యాచ్ కలుసుకునే రోజుకి వేసే సంచికకి ఏదైనా రాయండని గ్రూపులో మెసేజ్ పెట్టగానే మిగతావాళ్ళు మాస్టార్ల గురించీ కబడ్డీ టీమ్ గురించీ రాస్తారులే, నేను మన గ్రౌండ్‌లో వేసిన సినిమాల గురించి రాస్తానని చెప్పేశాను. ఎయిత్ నుంచి టెన్త్ దాకా, అంటే 1977 నుంచి 80 వరకు, ఏడాదికి రెండు మూడుసార్లు సాయంత్రం పూట 16 ఎం.ఎం. ప్రొజెక్టర్ వచ్చేది గుర్తుందా. రిక్షాలో డబ్బాలు దిగేవి, పీటీ మాస్టారు రెండు వెదురు గడలు పాతించి తెల్లగుడ్డ కట్టించేవారు, గేటు బయట మురీ మిక్చర్ బండి కూడా ఎలా తెలిసేదో కరెక్టుగా ఆరింటికి వచ్చి నిలబడేది. అవన్నీ అప్పటికే పాత సినిమాలు. కొత్తవి చూడాలంటే మన విశాఖలోని జగదాంబ హాలుకో అలంకార్‌కో పోవాలి, టికెట్టు డబ్బులు ఇంట్లో అడగాలి. గ్రౌండ్‌లోవి ఫ్రీ. అలా ఫ్రీగా చూసిన ఆ పాత సినిమాలే నాతో ఇన్నేళ్ళు ఉండిపోయాయి, డబ్బులిచ్చి చూసినవి చాలావరకు పేర్లు కూడా గుర్తులేవు.

మాయాబజార్ వేసిన రోజు నేను లేటయ్యాను. నాన్నగారు పూర్ణా మార్కెట్‌కి సరుకులకి పంపారు, సంచీ ఇంట్లో పడేసి పరిగెత్తుకొచ్చేసరికి గ్రౌండంతా జనం, పక్క వీధుల వాళ్ళు కూడా చాపలేసుకుని కూచున్నారు, కాలు పెట్టే చోటు లేదు. చేసేది లేక తెర వెనక్కి వెళ్ళాను. అక్కడ బాదం చెట్టు కింద మన వాచ్‌మన్, ఇంకో నలుగురు పిల్లలు, అంతే. వెనక నుంచి చూస్తే అన్నీ తిరగేసి కనపడతాయి, పేర్లన్నీ అద్దంలో రాసినట్టు ఉంటాయి, ఘటోత్కచుడి గద ఈ భుజం నుంచి ఆ భుజానికి మారిపోతుంది. సముద్రం గాలికి గుడ్డ ఉబ్బినప్పుడల్లా మొహాలు కూడా ఉబ్బి మళ్ళీ సర్దుకునేవి. స్పీకర్ పెట్టె ముందు వైపు జనాల మీదకి తిప్పి ఉండేది కాబట్టి మాకు పాటలు వినపడేవి గానీ మాటలు సగం సగమే.

ఆ మాటలు సరిగ్గా వినపడకపోవడం వల్లే నేను సావిత్రిని చూశాను. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ద్వారకకి వచ్చాక, మనిషి అదే, చీర అదే, నగలు అవే, కానీ ఒంటరిగా ఉన్నప్పుడు ఆ నిలబడే తీరు వేరు. ఛాతీ ముందుకొస్తుంది, మడమల మీద బరువు పడుతుంది, భుజాలు వెడల్పయినట్టు అనిపిస్తాయి. ఎవరో వస్తున్న అలికిడి కాగానే మళ్ళీ ఒద్దికగా ఆడపిల్ల అయిపోతుంది. నా పక్కన వాచ్‌మన్ తాత ముందుకి వంగి "ఒరే గుంటడా, అది పిల్ల కాదురా, లోపల ఆడున్నాడు, భుజాలు చూడు, భుజాలు" అన్నాడు. ఆయనకి చదవడం రాయడం రాదు. ఒక నటిని ఎలా చూడాలో నాకు నేర్పింది మాత్రం ఆయనే, ఇది నేను పూర్తిగా నమ్మి చెప్తున్నాను. తర్వాత ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ నా కళ్ళు ముందు భుజాల మీదకే పోతాయి. ఆవిడ ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావుని ఇమిటేట్ చెయ్యలేదు, అలా చేస్తే నవ్వొచ్చేది, అంతకంటే ఏమీ ఉండేది కాదు. ఆయన నడకలోంచి బరువొక్కటే తీసుకుని తన సన్నటి ఒంట్లో పెట్టుకుంది. అహ నా పెళ్ళంట పాటలో సుశీలగారి గొంతు నడుస్తూ నడుస్తూ ఉండగా ఘంటసాలగారి గొంతు దూరుతుంది కదా, ఆ క్షణానికి సావిత్రి మెడ, నడుము, చెయ్యి అన్నీ ఒకేసారి మగవాడివైపోతాయి, మళ్ళీ అదిరిపడి సర్దుకుంటుంది. ఒక మనిషిలోంచి రెండు గొంతులు వస్తున్నాయంటే మనం నమ్మేస్తాం, అదంతా ఆవిడ ఒంటి వల్లే. పాడిన ఇద్దరూ మన పక్క ఊరు విజయనగరానికి చెందినవాళ్ళే అనిపిస్తుంది నాకు, సుశీలగారు అక్కడే పుట్టారు, ఘంటసాలగారు అక్కడి మ్యూజిక్ కాలేజీలో చదువుకున్నారు.

ఇంకో రోజు ఇంకా బాగా గుర్తుంది. బంగారు పాప వేశారు, బి.ఎన్.రెడ్డిగారు తీసింది, 1955ది. అందులో రంగారావు కోటయ్య, మొరటు మనిషి, లోకం మీద కోపంతో ఉన్నవాడు, దొరికిన పసిపాపని పెంచుకుంటూ మెత్తబడిపోతాడు. సగం సినిమా అయిందో లేదో ప్రొజెక్టర్ బల్బు టప్‌మని పోయింది. తెర మీద చీకటి. కానీ సౌండ్ ఆగలేదు! ఆ మిషన్‌లో బొమ్మకి ఒక దీపం, ఫిల్మ్ అంచున ఉండే సౌండ్ గీతని చదవడానికి ఇంకో చిన్న దీపం ఉంటాయట, పెద్దది పోయినా చిన్నది వెలుగుతూనే ఉంది, ఆపరేటర్ మిషన్ ఆపకుండా టార్చి పట్టుకుని డబ్బాలో కొత్త బల్బు కోసం వెతుకుతున్నాడు. పిల్లలందరం గోల గోల, ఈలలు. అప్పుడు మన తెలుగు మాస్టారు లేచి నిలబడి "నోళ్ళు ముయ్యండి, వినండి" అని ఒక్క అరుపు అరిచారు. అంతే, గ్రౌండంతా చీకట్లో నిశ్శబ్దం అయిపోయింది, రంగారావు గొంతు ఒక్కటే.

ఆ మూడు నాలుగు నిమిషాలు నేను మర్చిపోలేను. ఆయన అరిచే గొంతు మనందరికీ తెలుసు, నేపాళ మాంత్రికుడి గొంతు, హిరణ్యకశిపుడి గొంతు. ఇది అది కాదు. అంత పెద్ద గొంతుని ఒక పసిపిల్ల చెవికి సరిపోయేలా చిన్నది చేసుకున్నాడు, ఎక్కడా గుసగుస అనిపించదు, మాట ఒక్కటి కూడా మింగలేదు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడా వినపడుతోంది. మొహం కనపడకుండానే ఆ మనిషి వంగి కూచున్నాడని తెలిసిపోతోంది నాకు. పక్కన వాళ్ళెవరో ముక్కు ఎగబీలుస్తున్నారు. బల్బు మార్చి బొమ్మ వచ్చేసరికి చూస్తే ఆయన నిజంగానే వంగి ఉన్నాడు. ఆ సినిమా తీసేనాటికి ఆయనకి 40 ఏళ్ళు కూడా లేవు, 1918లో పుట్టారు కదా. సినిమాలకి ముందు ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో ఆఫీసర్, విజయనగరంలో కూడా పనిచేశారు. నర్తనశాలలో కీచకుడికి జకార్తా ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, అందరూ అదే చెప్తారు, చెప్పాలి కూడా. నన్నడిగితే మాత్రం కోటయ్యే.

మర్నాడు క్లాసులో మాస్టారు పాఠం పక్కన పెట్టేశారు. నాటకాల్లో మైకు లేని రోజుల్లో ఆఖరి వరసలో కూచున్నవాడికి కూడా పద్యం చేరాలి కాబట్టి గొంతు విసిరేవాళ్ళురా, ఆ నటులే సినిమాకి వెళ్ళారు, అక్కడ మైకు మొహం దగ్గరే ఉంటుంది, అయినా పాత అలవాటు పోక మొదట్లో అరిచేవాళ్ళు, గొంతు దించడం నేర్చుకోవడానికే పదేళ్ళు పట్టింది అన్నారు. అప్పట్లో ప్లేబ్యాక్ లేదు, ఎవరి పాట వాళ్ళే కెమెరా ముందు పాడాలి, హార్మోనియం తబలా వాళ్ళు ఫ్రేములో పడకుండా చెట్ల చాటునో సెట్టు వెనకో కూచుని వాయించేవాళ్ళు. 1932లో వచ్చిన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసిన సురభి కమలాబాయి అలా పాడినావిడే. వాళ్ళమ్మ స్టేజీ మీద వేషంలో ఉండగానే నొప్పులొచ్చి ఆవిడ పుట్టిందంటారు, నాటకంలో పుట్టి టాకీలోకి నడిచొచ్చిందన్నమాట. గొంతు దించినవాళ్ళలో మొదట నాగయ్యగారి పేరు చెప్పారు మాస్టారు. 1938లో గృహలక్ష్మితో వచ్చారు, వందేమాతరంలో హీరో, ఆ సినిమాకి సంగీతం కూడా ఆయనే, త్యాగయ్యకైతే నటన, పాట, డైరెక్షన్ అన్నీ ఆయనే. నాగయ్య మాట్లాడితే పక్కింటి పెద్దాయన అరుగు మీద కూచుని మాట్లాడినట్టు ఉంటుంది, పోతన అంటే జనం ఆయన మొహాన్నే ఊహించుకునేలా చేసింది ఆ గొంతే అన్నారు. అప్పుడు నాకు సగమే అర్థమైంది. తర్వాత ఎప్పుడో భక్త పోతన మళ్ళీ చూసినప్పుడు మిగతా సగం అర్థమైంది.

ఇదంతా మన ఊరికి దూరంగా మద్రాసులోనే జరిగిందని అనుకునేవాణ్ణి. కాదు. మద్రాసు, బొంబాయి, కలకత్తా తప్ప దిక్కులేని ఆ రోజుల్లోనే మన విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ అని స్టూడియో పెట్టారు, 1938లో వచ్చిన భక్త జయదేవ అక్కడ తీసిందే. అది నిలబడలేదు. సముద్రం పక్కన కూచుని పుట్టినప్పటి నుంచి ఇదే ఊళ్ళో ఉన్నవాణ్ణి, ఈ సంగతి నాకు 40 దాటాక గానీ తెలీలేదు. మన పిల్లలకి ముందే తెలియాలి, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇంట్లో అమ్మమ్మ ఇంకో రకం గురువు. ఆవిడ సినిమాల లెక్క కాంచనమాల దగ్గర మొదలవుతుంది. కళ్ళంటే ఆ పిల్లవేనర్రా అనేది. 1942 బాలనాగమ్మలో మాయల మరాఠీగా వేసిన గోవిందరాజుల సుబ్బారావుని చూసి హాల్లో పిల్లలు జడుసుకున్నారట, అమ్మ చిన్నప్పుడు అన్నం తినకపోతే ఆ మరాఠీ వస్తాడని బెదిరించేదట, అదే బెదిరింపు మాకూ వచ్చింది. కన్యాశుల్కం మన గ్రౌండ్‌లో వేసినప్పుడు అమ్మమ్మని కూడా తీసుకెళ్ళాను. గురజాడవారి నాటకం, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళిన ఎస్.రాయవరంలో పుట్టినాయన రాసింది, మన యాస మన మనుషులు, అందరం పొంగిపోతూ చూస్తున్నాం, ఆ వణికే ముసలి లుబ్ధావధాన్లుని చూసి నేను నవ్వుతుంటే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని "ఈయనేరా మరాఠీ" అంది. నేను నమ్మలేదు. ఆ భయపెట్టిన మనిషీ ఈ పెళ్ళికి తాపత్రయపడే పిసినారీ ఒక్కరెలా అవుతారు. అవే కళ్ళు, అప్పుడు రెప్ప వెయ్యకుండా చూస్తే భయం, ఇప్పుడు అదేపనిగా రెప్పలార్పుతుంటే జాలి. మేకప్ కాదు, రెప్పలు! ఇలాంటివి ఇంకా రాయాలంటే కన్నాంబ ఉంది, భానుమతి ఉంది, సూర్యకాంతం ఉంది, సంచికంతా నాకే ఇచ్చెయ్యాలి.

ఫిల్మ్ ముక్కలు దాచుకున్న వాళ్ళు చేతులెత్తండి. హాలు వెనక సందులో అమ్మేవాళ్ళు, ఐదు పైసలకి మూడు బొమ్మలో నాలుగు బొమ్మలో. కాలిపోయిన బల్బు లోపలిదంతా తీసేసి నీళ్ళు పోసి, కిటికీలోంచి అద్దంతో ఎండ కొట్టించి, మధ్యలో ఫిల్మ్ ముక్క పెడితే గోడ మీద తలకిందులుగా బొమ్మ పడేది. నా దగ్గరున్న ముక్కలో రేలంగి, మూడు ఫ్రేములు, మూడింట్లోనూ ఒకటే అనుకునేవాణ్ణి, గోడ మీద పెద్దగా పడ్డాక చూస్తే ఒక్కో దాంట్లో కనుబొమ్మ ఒక్కో ఎత్తులో ఉంది. సెకనుకి 24 ఫ్రేములంటే ఆ మూడూ సెకనులో ఎనిమిదో వంతు. ఆ ఎనిమిదో వంతులో కూడా ఆయన ఊరికే లేడు. ఆ ముక్క ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది, ఇప్పటికీ బాధే.

ముక్కే కాదు, సినిమాలకి సినిమాలే పోయాయి. భక్త ప్రహ్లాద ప్రింటు ఈరోజు లేదు, కమలాబాయి పాడుతుంటే మనం చూడలేం. అప్పటి ఫిల్మ్ నైట్రేట్‌ది, నిప్పు తగిలితే భగ్గుమనేది, మన ఉక్కకి దానంతటదే పాడైపోయేది, మిగిలినవి కొన్ని వెండి తియ్యడానికి కరిగించేశారు. ఒక మనిషి మొహంలోంచి వెండి తీసుకోవడం అంటే నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది. మాయాబజార్ అదృష్టవంతురాలు, 2010లో రంగులేసి సౌండ్ శుభ్రం చేసి మళ్ళీ రిలీజ్ చేశారు. చూశాను, చేసినవాళ్ళ కష్టానికి దణ్ణం. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ ఆ లాహిరి లాహిరి పాటలో వెన్నెలని నలుపు తెలుపుల కోసం కట్టాడు, నాకు ఆ బూడిదరంగు వెన్నెలే కావాలి. మా అబ్బాయి ఒప్పుకోడు, వాడికి రంగుల్లోనే నచ్చింది. వాడు చూశాడు, నాకది చాలు.

ఇక అసలు విషయం. ఈసారి కలుసుకునే రోజు సాయంత్రం గ్రౌండ్‌లో మాయాబజార్ వేద్దామని నేను అడిగాను, కమిటీ సరేనంది. నలుపు తెలుపులదే. ప్రొజెక్టర్ నేను తెస్తాను, ఇప్పటిది కాబట్టి బల్బు పోతే సౌండ్ మిగులుతుందో లేదో చెప్పలేను. తెల్లగుడ్డ మాత్రం పల్చటిది, గాలికి ఊగేది కావాలని గట్టిగా చెప్పాను. గడలు పాతే చోటు వెళ్ళి చూసొచ్చాను, కొత్త బిల్డింగ్ వచ్చింది గానీ బాదం చెట్టు ఉంది, మొదలు ఇంకా లావయింది. ముందు వైపు కుర్చీలు వేయిస్తున్నారు, అందరికీ సరిపోతాయి. వెనక వైపు ఒక చాప వేస్తున్నాను, నాతో కలిపి నలుగురు పడతారు. వచ్చేవాళ్ళు ముందే ఫోన్ చెయ్యండి, మురీ మిక్చర్ దానికి తగ్గట్టు చెప్తాను.