ఎక్స్‌రే బాగుంది సరే, సిలికా లెక్క ఎంతకొచ్చింది?

"దగ్గు లేదు, ఆయాసం లేదు, ఎక్స్‌రే కూడా శుభ్రంగా వచ్చింది. ఇంకెందుకు భయం?" గనుల్లో రాయి తొలిచేవాళ్ల నోట తరచూ వినబడే మాట ఇది. రాతిదుమ్ములోని సిలికా వల్ల ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టే జబ్బు, సిలికోసిస్, దాని వరకైతే ఈ మాటకు కొంత అర్థముంది. ఊపిరితిత్తుల కేన్సర్ దగ్గరికొచ్చేసరికి పనికిరాదు. ఇన్నేళ్లలో లోపలికి పోయిన మొత్తం దుమ్మును బట్టి కేన్సర్ ముప్పు పెరుగుతూ పోతుంది, ఎక్స్‌రేలో మచ్చ పడినా పడకపోయినా. ఆ మొత్తాన్ని ఎలా లెక్కేసుకోవాలి, పెరగకుండా ఎక్కడ ఆపాలి, ఆపే ఏర్పాట్లు ఎక్కడెక్కడ తప్పుతాయి అన్నది చూద్దాం.

ముందు ఏ దుమ్మో తేల్చుకోవాలి. ప్రమాదమంతా స్ఫటిక రూపంలో ఉన్న సిలికాతో, అందులోనూ ముఖ్యంగా క్వార్ట్జ్‌తో. బంగారం, రాగి, తగరం కోసం తవ్వే చాలా గనుల్లో ఖనిజం చుట్టూ ఉన్న రాయి నిండా అదే. బొగ్గు గనిలో కూడా పొర పైనా కిందా ఉన్న రాయిని కోసినప్పుడు అదే లేస్తుంది. గ్రానైట్‌లో కనీసం ఐదో వంతు క్వార్ట్జ్ ఉంటుంది, కొన్ని ఇసుకరాళ్లలో తొంభై శాతం దాటుతుంది.

ఊపిరితిత్తుల అడుగుదాకా దిగేవి 10 మైక్రాన్లకన్నా చిన్న రేణువులు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను). దుమ్ము కొలిచే పరికరాలు 4 మైక్రాన్లను మధ్య గీతగా పెట్టుకుంటాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాబట్టి ఈ రేణువు కంటికి ఆనదు. కదలని గాలిలో 4 మైక్రాన్ల క్వార్ట్జ్ రేణువు సెకనుకు మిల్లీమీటరు పైచిలుకు దిగుతుంది. ముఖం ఎత్తునుంచి నేల చేరడానికి దానికి ఇరవై నిమిషాలు పడుతుంది, 1 మైక్రాన్ రేణువుకైతే నాలుగు గంటలు దాటుతుంది. ఇక గనిలో గాలి కదలకుండా ఎక్కడుంటుంది? బ్లాస్టింగ్ అయ్యాక "తేటపడింది, పదండి" అన్నారంటే పెద్ద రేణువులు కిందపడ్డాయని అర్థం, అంతే.

లోపలికి పోయిన రేణువును మాక్రోఫేజ్ అనే కణం మింగుతుంది. క్రిమినైతే అరాయించుకునేది, క్వార్ట్జ్‌ను అరాయించుకోలేదు. వాపు పుట్టించే సంకేతాలు వదిలి ఆ కణమే చచ్చిపోతుంది, రేణువు బయటపడుతుంది, మరో కణం వచ్చి దాన్నే మింగుతుంది. ఏళ్ల తరబడి సాగే ఈ తంతులో ఒకపక్క మచ్చకట్టు పేరుకుంటుంది, అదే సిలికోసిస్. ఇంకోపక్క ఆ వాపులో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు చుట్టుపక్కల కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. అప్పుడే పగిలిన రాయి పాత దుమ్ముకన్నా చెడ్డది. విరిగిన ముఖాల మీద తెగిన రసాయన బంధాలు ఇంకా ఆరక ఉంటాయి. డ్రిల్లు ముందు నిలబడేవాడు పీల్చేది సరిగ్గా ఆ తాజా దుమ్మునే.

ఇది కేన్సర్ కారకమని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1987లో దీన్ని "బహుశా కారకం" అంది, 1997లో మొదటి వర్గంలోకి, అంటే మనుషుల్లో రుజువైన కారకాల్లోకి చేర్చింది. ఆలస్యానికి కారణాలు లేకపోలేదు. గనిలో సిలికా ఒక్కటే ఉండదు. రేడాన్ వాయువు, డీజిల్ పొగ, కొన్నిచోట్ల ఆర్సెనిక్, అన్నీ కేన్సర్ తెచ్చేవే. వాటికితోడు బీడీ, సిగరెట్టు. పైగా కేన్సర్ బయటపడటానికి దశాబ్దాలు కావాలి. 1930, 31లలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ సొరంగాన్ని దాదాపు మొత్తం సిలికాయే అయిన రాతిలో నీళ్లు లేకుండా తొలిచారు. కూలీలు వందల సంఖ్యలో కొన్ని నెలల్లో, కొద్ది ఏళ్లలో సిలికోసిస్‌తోనే పోయారు. కేన్సర్ వచ్చేదాకా వాళ్లు బతికుంటే కదా.

మిగిలిన పేచీ ఒకటే: కేన్సర్ సిలికోసిస్ వచ్చినవాళ్లకేనా, రానివాళ్లకు కూడానా? యూరప్, కెనడాలలో జరిగిన 14 అధ్యయనాలను, అంటే 16,901 మంది ఊపిరితిత్తుల కేన్సర్ రోగుల వివరాలను కలిపి చేసిన విశ్లేషణ 2020లో వచ్చింది. సిలికోసిస్ లేనివాళ్లలోనూ, ఎప్పుడూ పొగ తాగనివాళ్లలోనూ మొత్తం దుమ్ము పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది. పొగతాగేవాళ్లలో రెండు ముప్పుల కూడికను మించి పెరిగింది. అందుకే గని కార్మికుడు పొగ మానెయ్యడం వల్ల మిగతావాళ్లకన్నా ఎక్కువ లాభపడతాడు. "ఇంత దుమ్ము పీల్చాక ఒక బీడీ ఏం చేస్తుందిలే" అన్నది తిరగబడ్డ లెక్క.

మొత్తం లెక్క కట్టడం తేలికే. ఘనపు మీటరు గాలిలో ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నేళ్లు, ఈ రెంటి గుణకారం. అమెరికాలో 2016 నుంచి కార్ఖానాలకు, నిర్మాణ పనులకు పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు (మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము). గనులకు అదే అంకెతో 2024లో నిబంధన రాశారు. 25కు చేరగానే చర్యలు మొదలుపెట్టాలి. పరిమితి అంచున 40 ఏళ్లు పనిచేసినా, 100 మైక్రోగ్రాముల గాలిలో 20 ఏళ్లు చేసినా, 400లో ఐదేళ్లు చేసినా వచ్చేది 2 మిల్లీగ్రామ్-సంవత్సరాలే. నీళ్లు రాని డ్రిల్లుతో గడిపిన కొద్ది ఏళ్లు జీవితకాలపు కోటాను మింగేస్తాయి. పన్నెండు గంటల షిఫ్టు అయితే 50 అన్నది 33కి దిగుతుందని మరవకూడదు.

మరి గాలిలో ఎంతుందో తెలిసేదెలా? కార్మికుడి నడుముకు చిన్న పంపు, ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపు కాలరు దగ్గర ఒక సైక్లోన్, దాని మీద 37 మిల్లీమీటర్ల పీవీసీ ఫిల్టరు. సైక్లోన్ గాలిని గిరగిరా తిప్పి ముతక రేణువులను అడుగున ఉన్న చిన్న బుడ్డిలో పడేస్తుంది, సన్నవి పైకెళ్లి ఫిల్టరు మీద కూర్చుంటాయి. పది మిల్లీమీటర్ల నైలాన్ సైక్లోన్‌కు నిమిషానికి 1.7 లీటర్ల గాలి లాగాలి. ఆ వేగం తగ్గితే ముతక రేణువులు కూడా ఫిల్టరుకెక్కి అంకె ఎక్కువ చూపిస్తుంది. పెరిగితే సన్నవి కూడా బుడ్డిలోకి పోయి తక్కువ చూపిస్తుంది, అదే అసలు ప్రమాదం. అందుకని పంపు వేగాన్ని సైక్లోన్ తగిలించే సరిచూడాలి, షిఫ్టుకు ముందూ తర్వాతా. తేడా ఐదు శాతం దాటితే ఆ శాంపిల్ పారెయ్యాలి.

ఎనిమిది గంటల్లో లాగిన గాలి 816 లీటర్లు. గాలిలో సరిగ్గా 50 మైక్రోగ్రాములుంటే ఫిల్టరు మీద చేరే క్వార్ట్జ్ 41 మైక్రోగ్రాములు. 0.3 మిల్లీమీటర్ల ఉప్పు రవ్వ ఒక్కటే 58 తూగుతుంది! ల్యాబులో ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో, అంటే స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో గుర్తించే పద్ధతితో, కనిపెట్టగలిగేది సుమారు 5 మైక్రోగ్రాముల నుంచి. సగం షిఫ్టే కొలిచి 25 దగ్గర తేల్చుకోవాలనుకుంటే ఫిల్టరు మీద 10 మాత్రమే ఉంటుంది, ఆ అంకె మీద భరోసా పెట్టుకోలేం. ఇంకో చిన్న విషయం: భోజనం వేళ చొక్కాతో పాటు సైక్లోన్‌ను తలకిందులుగా పడేస్తే బుడ్డిలోని ముతక దుమ్మంతా ఫిల్టరు మీదికొస్తుంది. ఆ తర్వాత మేనేజరు "అంత దుమ్ము ఉండే చాన్సే లేదు" అన్నా తప్పుపట్టలేం.

ఇక ఆపే చోట్లు. గాలిలోకి లేచాక దుమ్మును పట్టడం కష్టం, రాయి విరిగే చోటే తడపాలి. చినుకు పెద్దదైతే దాని ముందు గాలి పక్కకు తప్పుకుంటూ సన్న రేణువును కూడా తనతో తీసుకుపోతుంది. పైపుతో గాలిలోకి నీళ్లు చిమ్మడం చూడ్డానికి బాగుంటుంది కానీ పీల్చే దుమ్మును పెద్దగా పట్టదు. 1890ల చివర్లో జాన్ జార్జ్ లేనర్ బోలు రాడ్డున్న డ్రిల్లు తెచ్చినప్పుడు ముందు అందులోంచి గాలి ఊదించాడు. లేచిన దుమ్ముకు కార్మికులు దాన్ని ముట్టబోమన్నారు. తర్వాతే రాడ్డులోకి నీళ్లు వచ్చాయి, ఇప్పటికీ అదే పద్ధతి.

నీళ్ల డ్రిల్లు పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండే గనుల్లోనే లెక్క తప్పుతుంది. మొదటి తప్పు బోరు మొదలుపెట్టే ఆ అర నిమిషంలో. బిట్టు (డ్రిల్లు మొన) రాతిలో కుదురుకునేదాకా నీళ్లు కట్టేసి ఉంచుతారు, మీద చిమ్ముతాయని. అప్పుడు లేచే దుమ్ము తిన్నగా ముఖానికే. ముందు నీళ్లు, ఆ తర్వాతే యంత్రాన్ని నడిపే గాలి, నెమ్మదిగా. ఆపేటప్పుడు ముందు గాలి, చివర నీళ్లు. రెండోది యంత్రం లోపల నీళ్లు మోసే సన్న గొట్టం. అది అరిగినా, దాని సీలు పోయినా కంప్రెసర్ గాలి నీళ్లలో కలిసి రాడ్డులోకి జొరబడుతుంది. బోరులో నీళ్ల బదులు బుడగలు తిరుగుతాయి, ప్రతి బుడగా కొంత పొడి దుమ్మును బయటికి మోసుకొస్తుంది. బోరు నోట్లోంచి చిక్కటి బురద నింపాదిగా కారాలి. ఉమ్మినట్టు తుంపర్లు తుంపర్లుగా వస్తుంటే యంత్రం ఆపి ఆ గొట్టం చూడాలి. బిట్టు రంధ్రాలు పూడినా అదే గతి.

ఉపరితలంలో పెద్ద డ్రిల్లు రిగ్గులకు నీళ్ల బదులు దుమ్ము పీల్చే కలెక్టరు ఉంటుంది. బోరులోకి ఊదే గాలికి మూడు రెట్లు అది పీల్చాలి. ఫిల్టర్లు పూడుకుపోతే రెట్టింపుకు, అంతకన్నా కిందికీ పడిపోతుంది. బోరు చుట్టూ వేలాడే రబ్బరు తెరకూ నేలకూ మధ్య సందు 20 సెంటీమీటర్లు దాటితే దుమ్ము బయటికి తన్నేస్తుంది. ఎగుడుదిగుడు నేల మీద రిగ్గును ఎత్తి నిలబెట్టినప్పుడల్లా ఈ సందు చూసుకోవాలి. కలెక్టరు తన కడుపులోని దుమ్మును కిందికి వదిలే చోట గుడ్డ తొడుగు లేకపోతే పట్టిన దుమ్మంతా మళ్లీ గాలిపాలు. ఆపరేటరు క్యాబిన్‌లో ఫిల్టరు చేసిన గాలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువుండాలి, లోపలి గాలిని తిరిగి వడకట్టే రెండో ఫిల్టరూ ఉండాలి. రాడ్డు మార్చినప్పుడల్లా తలుపు తీస్తే ఇవేవీ నిలవవు. బూట్ల మట్టి క్యాబిన్ నేల మీద ఎండి కాళ్ల కింద లేవడం అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయే సంగతి.

పేలిన రాతికుప్పను ఎత్తే ముందు, ఎత్తుతున్నప్పుడు కూడా తడపాలి, పక్క గోడలను కడగాలి. చీపురుతో పొడిగా ఊడ్వకూడదు. షిఫ్టు దిగేటప్పుడు కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం ఎంత పాత అలవాటో అంత చెడ్డది. వ్యాక్యూమ్ వాడాలి.

మాస్కు సంగతి చివర్లో చెప్పడం కావాలనే. ఎన్95 గానీ సగం ముఖపు రబ్బరు మాస్కు గానీ సరిగ్గా అతికితే దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందని లెక్క. కాబట్టి 500 మైక్రోగ్రాముల గాలి దాకానే దాని పని, నీళ్లు లేని డ్రిల్లింగు ఆ అంకెను తేలిగ్గా దాటుతుంది. గడ్డం ఉంటే, రెండు రోజులు గీసుకోకపోయినా సరే, అంచు అతకదు. ముక్కుకు కట్టిన రుమాలు లెక్కలోకే రాదు.

పరీక్షల్లో మామూలు ఛాతీ ఎక్స్‌రే చిన్న కేన్సర్ గడ్డను చూపించలేకపోవచ్చు. ఆ పనికి తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్ ఉంది. అమెరికాలో 2021 నుంచి దాన్ని 50 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లకు, రోజుకో ప్యాకెట్టు లెక్కన 20 ఏళ్లు తాగి ఇంకా తాగుతున్నవాళ్లకు, లేదా మానేసి 15 ఏళ్లు దాటనివాళ్లకు సూచిస్తున్నారు. ఆ కొలమానంలో దుమ్ముకు చోటు లేదు, డాక్టరుకు మనమే చెప్పాలి. సిలికోసిస్ ఉన్నవాళ్ల స్కాన్ చదవడం ఇంకా చిక్కు, ఎందుకంటే ఆ జబ్బు తెచ్చే గడ్డలు పెట్ స్కాన్‌లో కూడా కేన్సర్‌లా వెలగొచ్చు. పాత ఫిల్ములుంటే పోల్చి ఏది కొత్తగా పెరిగిందో చెప్పగలరు, కాబట్టి ఏదీ పారెయ్యొద్దు. కళ్లెలో రక్తం, బరువు తగ్గడం కనబడితే సిలికా పీల్చినవాళ్లలో టీబీ అనుమానించడం న్యాయమే. అయితే కళ్లెలో క్రిమి దొరక్కుండానే మందులు మొదలుపెట్టి నెలలు గడిపితే వెనకున్న కేన్సర్ ముదురుతుంది.

గని మానేశాక కూడా ముప్పు వెంట వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం పట్టుకెళ్లాలి. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ రాయి, డ్రిల్లా లోడింగా క్రషరా, నీళ్లు ఉన్నాయా లేవా, రోజుకెన్ని గంటలు, ఏ మాస్కు, కొలిచిన అంకెలుంటే అవి, కింద పొగ లెక్క. "గనిలో చేశాను" అని ఊరుకుంటే డాక్టరు రాసుకునేది కూడా ఆ ఒక్క ముక్కే.