రెండున్నర గంటలు ముందుగా వచ్చే తోకచుక్క

ఆవర్తన తోకచుక్కలు అనగానే అందరికీ హేలీ పేరే గుర్తుకొస్తుంది. నా మనసు మాత్రం చాలాకాలంగా ఎన్కే తోకచుక్క మీదే ఉంది. సుమారు 3.3 సంవత్సరాలకు ఒకసారి సూర్యుణ్ణి చుట్టివచ్చే ఈ మసక తోకచుక్కను మూడుసార్లు కనుగొని, మూడుసార్లూ పోగొట్టుకున్నారు. నాలుగోసారి దొరికాక గాని అవన్నీ ఒకటేనని తెలియలేదు.

మొదట చూసినవాడు పారిస్‌లోని పియెర్ మెషాన్. 1786 జనవరి 17న అది ఆయనకు కుంభరాశిలో కనిపించింది. కానీ రెండు రాత్రుల పరిశీలనలే దక్కాయి. తోకచుక్క కక్ష్యను గణించడానికి కనీసం మూడు వేర్వేరు సమయాల్లో దాని స్థానం తెలియాలి కనుక, ఆ రెండింటితో చేయగలిగిందేమీ లేకపోయింది. 1795 నవంబరు 7న ఇంగ్లండులో కరొలైన్ హెర్షెల్ కంట పడింది. 1805 అక్టోబరులో మరికొందరితో పాటు మార్సెయ్‌లో జాన్ లూయీ పోన్స్ చూశాడు. 1818 నవంబరు 26న పోన్స్‌కే మళ్లీ దొరికింది.

పోన్స్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు సాగలేను. ఆయన 1789లో మార్సెయ్ వేధశాలలో ద్వారపాలకుడిగా చేరి, అక్కడి ఖగోళ శాస్త్రజ్ఞుల దగ్గరే ఆకాశాన్ని చదవడం నేర్చుకుని, జీవితకాలంలో 37 తోకచుక్కలను కనుగొన్నాడు. దూరదర్శినికి కన్ను ఆనించి అన్నింటిని పట్టుకున్నవారు ఆ తర్వాత మరొకరు లేరు.

1818లో పోన్స్‌కు దొరికిన తోకచుక్క కొన్ని వారాల పాటు కనబడటం వల్ల కక్ష్యా గణనకు సరిపడా స్థానాలు చేతికొచ్చాయి. గణితవేత్త గౌస్ శిష్యుడైన యోహాన్ ఫ్రాంజ్ ఎన్కే ఆ పని చేపట్టాడు. అప్పట్లో కొత్త తోకచుక్క దారిని పరవలయంగా, అంటే తిరిగి మూసుకోని వంపుగా భావించి లెక్కించడం రివాజు. ఈ తోకచుక్క పరవలయానికి లొంగలేదు. మూడు సంవత్సరాల పైచిలుకు ఆవర్తన కాలం గల చిన్న దీర్ఘవృత్తం మాత్రమే సరిపోయింది. అంత పొట్టి కక్ష్య గల తోకచుక్క ఉంటుందని అంతకుముందు ఎవరికీ తెలియదు. నాలుగు రాకల్లోనూ అది సూర్యుడికి అతి దగ్గరగా వచ్చిన తేదీలను ఒకసారి నేనూ కాగితం మీద వరుసగా రాసుకున్నాను: 1786 జనవరి చివర, 1795 డిసెంబరు, 1805 నవంబరు, 1819 జనవరి చివర. మొదటి రెండు విరామాలూ పదేళ్లకు కాస్త తక్కువ, అంటే చెరి మూడు చుట్లు. చివరిది 13 ఏళ్ల రెండు నెలలు, అంటే నాలుగు చుట్లు. మొత్తం 33 సంవత్సరాల్లో సరిగ్గా పది చుట్లు. మధ్యలో ఏడుసార్లు అది ఎవరికీ తెలియకుండానే వచ్చిపోయిందని ఆ కాగితం ముందు కూర్చుంటే గాని నాకు నిజంగా బోధపడలేదు.

అది 1822లో తిరిగి వస్తుందని ఎన్కే ముందే ప్రకటించాడు. ఆ ఏడు జూన్ 2న ఆస్ట్రేలియాలోని పారమట్టా వేధశాల నుంచి కార్ల్ రూమ్‌కర్ దాన్ని పట్టుకున్నాడు. హేలీ తర్వాత, ముందుగా చెప్పిన ప్రకారం తిరిగివచ్చిన రెండో తోకచుక్క ఇదే. లోకం దానికి ఎన్కే పేరు పెట్టుకున్నా, ఆయన మాత్రం చివరిదాకా పోన్స్ తోకచుక్క అనే పిలిచాడు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. గ్రహాల ఆకర్షణనంతా లెక్కలోకి తీసుకున్నా, ఆవర్తన కాలం ప్రతి చుట్టుకూ రెండున్నర గంటల చొప్పున తరిగిపోతూ ఉంది. అంతరిక్షంలో పలుచని పదార్థమేదో నిండి ఉండి దాని గమనాన్ని అడ్డుకుంటోందని ఎన్కే ఊహించాడు. అడ్డుకుంటే ఆలస్యం కావాలి గదా అనిపిస్తుంది. కానీ వేగం తగ్గినకొద్దీ తోకచుక్క సూర్యుడి వైపు ఒదిగి, కక్ష్య చిన్నదై, చుట్టు త్వరగా పూర్తవుతుంది. తర్కం సరైనదే. అయితే హేలీ వంటివి లెక్క కన్నా ఆలస్యంగా వస్తాయని తేలాక ఆ ఊహ నిలబడలేదు. అడ్డుకునే పదార్థం ఏ తోకచుక్క కక్ష్యనూ పెంచలేదు కదా.

1950లో అమెరికన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ విపుల్ జవాబు చెప్పాడు. తోకచుక్క కేంద్రకం మంచు, ధూళి కలిసిన గడ్డ. ఎండకు మంచు ఆవిరై వాయువులు చిమ్మినప్పుడు, ఆ తోపు కేంద్రకాన్ని ఎదురు దిశలో నెడుతుంది. గడ్డ తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది, పైగా వేడెక్కడానికి కొంత వ్యవధి పడుతుంది. అందువల్ల వాయువులు నేరుగా సూర్యుడి వైపు కాక, మధ్యాహ్నం దాటిన పక్క నుంచి ఎక్కువగా వెలువడతాయి. తిరిగే దిశను బట్టి ఆ తోపు ఒక తోకచుక్కను ముందుకు నెడితే, మరొకదాన్ని వెనక్కి లాగుతుంది. ఎన్కేను త్వరగా రప్పించిన శక్తీ, హేలీని ఆలస్యం చేసిన శక్తీ ఒకటే.

ఎన్కే ముందడుగు ఆ తర్వాతి కాలంలో బాగా తగ్గిపోయింది. 2023 అక్టోబరులో సూర్యుణ్ణి చుట్టి వెళ్లిన ఈ తోకచుక్క 2027 ఫిబ్రవరిలో మళ్లీ సూర్యుడి దగ్గరికి వస్తుంది. దాని రాకను గణించేవారు ఇప్పుడు గ్రహాల ఆకర్షణతో పాటు, ఆ ఆవిరి తోపునూ లెక్కలో కలుపుకుంటారు.