పరగడుపు అక్కరలేని షుగరు పరీక్ష

గర్భిణులలో మధుమేహం గురించి చెన్నై వైద్యుడు వి. శేషయ్య, ఆయన సహపరిశోధకులు ప్రచురించిన వ్యాసాలను ఈ మధ్య వరుసగా చదివాను. గర్భిణికి షుగరు పరీక్ష చేయడానికి ఆమె పరగడుపున రావలసిన పని లేదన్న వాదనే వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

నెలలు పెరిగేకొద్దీ మాయ నుంచి విడుదలయ్యే హార్మోన్ల వల్ల తల్లి శరీరంలో ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది. ఆ లోటును పూడ్చేంత ఇన్సులిన్‌ను ఆమె క్లోమం తయారు చేయలేకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఈ చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది కానీ తల్లి ఇన్సులిన్ చేరదు. అందువల్ల బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్‌ను తయారు చేస్తుంది, బిడ్డ అతిగా బరువు పెరుగుతుంది, పుట్టిన వెంటనే చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశమూ ఉంటుంది. తల్లికి పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కనుక పరీక్ష చేస్తే తప్ప ఈ సంగతి బయటపడదు.

మన దేశంలో ఈ సమస్య ఎంత ఉందో 2004లో శేషయ్య బృందం ప్రచురించిన సర్వే చూపింది: పరీక్షించిన గర్భిణులలో సుమారు 16.55 శాతం మందికి మధుమేహం ఉంది. తమిళనాడులో చేసిన మరో అధ్యయనం 2008లో వెలువడింది. అందులో నగరంలో 17.8, చిన్న పట్టణ ప్రాంతంలో 13.8, పల్లెల్లో 9.9 శాతంగా తేలింది. పల్లెల్లోనే పదిమందిలో దాదాపు ఒకరికి ఉందంటే, పెద్దాసుపత్రిలో మాత్రమే చేయగల పరీక్ష సరిపోదని వేరే చెప్పనక్కరలేదు.

పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కి ఆసుపత్రికి రమ్మంటే చాలామంది గర్భిణులు మళ్ళీ రారు. అందుకే ఈ బృందం, ఆమె తిని వచ్చినా సరే, 75 గ్రాముల గ్లూకోజును నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి రక్తం తీస్తే చాలునని ప్రతిపాదించింది. డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు గానీ, అంతకు మించి గానీ ఉంటే మధుమేహంగా లెక్క. ఆ తియ్యటి నీళ్ళు అందరికీ ఇమడవు. అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్ళీ చేయాలి. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఈ పద్ధతినే స్వీకరించి, మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఒకసారి, 24–28 వారాల మధ్య మరొకసారి చేయమన్నాయి. ఆంధ్ర, తెలంగాణలలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ వర్తించేది ఇదే.

అయితే దీన్ని అందరూ ఒప్పుకోలేదు. చెన్నైలోనే మరో ప్రముఖ మధుమేహ నిపుణుడు వి. మోహన్ బృందం 2014లో రెండు పద్ధతులనూ పోల్చి చూసి, పరగడుపు పరీక్షలో పట్టుబడిన వారిలో ఎక్కువ మందిని తిన్నాక చేసే పరీక్ష గుర్తించలేకపోతోందని ప్రకటించింది. ఇది కొట్టిపారేయగల విమర్శ కాదు. ప్రయోగశాల, రవాణా సౌకర్యం ఉన్న నగరంలో పరగడుపు పరీక్షనే అడగడం మేలని నా అభిప్రాయం. కానీ ఏఎన్‌ఎం చేతిలో గ్లూకోమీటరు తప్ప మరేమీ లేని ఊరిలో, ఆ పరీక్ష కోసం పట్టుబడితే అసలు ఏ పరీక్షా జరగకపోవచ్చు. శేషయ్య బృందం ఆలోచించింది ఆ ఊరి గురించే.

పరీక్ష తర్వాతి దారి కొంత తేలికే: చాలామందికి ఆహార నియమం, నడక సరిపోతాయి, రెండు వారాల్లో అదుపులోకి రాకపోతే మందులు మొదలుపెడతారు. నాకు బలహీనంగా కనిపించేది కాన్పు తర్వాతి దశ. ఈ తల్లులకు తర్వాతి జీవితంలో మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ కనుక ఆరు వారాలకు మళ్ళీ పరీక్షించాలని మార్గదర్శకాలు చెబుతాయి గానీ, అప్పటికి ఇంట్లో అందరి దృష్టీ బిడ్డ మీదికి మళ్ళుతుంది. సరిగ్గా ఆరు వారాలకే పెంటావలెంట్ టీకా కోసం తల్లి బిడ్డనెత్తుకుని ఎలాగూ కేంద్రానికి వస్తుంది కాబట్టి, ఆ రోజే ఆమెకూ రక్త పరీక్ష చేసి, టీకా కార్డు మీదే ఆ అంకె రాసి ఇవ్వవచ్చు.